పొట్ట లోపలి పొరకు వచ్చే కాన్సర్: కారణం తెలిసిన కథ



కాన్సర్ అనగానే మనకు నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సర్ గుర్తుకొస్తాయి. ఇవి మనచుట్టూ తరచుగా కనిపించేవి. కానీ పొట్ట లోపలి పొరలోనే పుట్టే కాన్సర్ ఒకటుందని చాలామంది విని ఉండరు. అది అరుదైన జబ్బు. అంత అరుదైన జబ్బు గురించి మనం ఇంతసేపు మాట్లాడుకోవడం ఎందుకని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ జబ్బులో చాలా భాగం మనిషి చేసిన పని నుంచీ, పెరిగిన ఊరి నుంచీ వచ్చిందే. అంటే రాకుండా ఆపగలిగింది. రెండోది, దాని మూలం బయటపడింది పెద్ద యంత్రాల వల్ల కాదు. "మీది ఏ ఊరు? ఇదివరకు ఏం పని చేసేవారు?" అని రోగిని ఓపికగా అడిగినందువల్ల. ఆ ప్రశ్న చరిత్రే ఈనాటి ప్రసంగం.

ముందు ఆ పొర ఏమిటో చూద్దాం. కోటుకు లోపల అస్తరు వేసినట్టు, మన పొట్ట గోడలకు లోపలివైపు పలుచని, నున్నని పొర ఒకటి ఉంటుంది. అదే పొర మడతలు పడి జీర్ణాశయాన్నీ, పేగులనూ, కాలేయాన్నీ పైనుంచి కప్పుతుంది. దీన్ని పెరిటోనియం అంటారు. తెలుగులో ఉదర వేష్టనం అని రాస్తారు. దీన్ని విప్పి పరిస్తే ఒంటి చర్మమంత వైశాల్యం ఉంటుంది. ఈ పొర కొద్దిగా తడిని ఊరుస్తూ ఉంటుంది కాబట్టే పేగులు ఒకదానిమీద ఒకటి రాసుకోకుండా జారుతూ కదులుతాయి. ఛాతీలో ఊపిరితిత్తుల మీద కూడా ఇలాంటి పొరే ఉంది. దాని పేరు ప్లూరా. రెండు పొరల పైభాగమూ ఒకే జాతి కణాలతో ఏర్పడింది. ఆ కణాల పొరను మీసోథీలియం అంటారు. అందులో పుట్టే కాన్సర్‌కు మీసోథీలియోమా అని పేరు. ఈ పేరు గుర్తుంచుకోండి. ఛాతీ పొరా, పొట్ట పొరా అక్కచెల్లెళ్ళ వంటివన్న మాట కూడా గుర్తుంచుకోండి. మన కథ ఛాతీలో మొదలై పొట్టలోకి వస్తుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. జీర్ణాశయంలోనో, పెద్దపేగులోనో, అండాశయంలోనో పుట్టిన కాన్సర్ ముదిరి ఈ పొరమీదికి పాకడం సాధారణంగా జరిగేదే. దాన్ని ఈ పొర కాన్సర్ అనరు. పొరలోనే పుట్టినది వేరు. ఈ తేడా వల్లనే వైద్యులు చాలాకాలం తగవులాడుకున్నారు. పొట్ట పొరలో పుట్టిన కాన్సర్‌ను 1908లో ఇంగ్లండులో మిల్లర్, విన్ అనే ఇద్దరు వైద్యులు వర్ణించారు. అయినా ఆ తరువాత యాభై ఏళ్ళదాకా పేరున్న పండితులు కొందరు దాన్ని ఒప్పుకోలేదు. పొరలో కాన్సర్ పుట్టదు, మరెక్కడో పుట్టినదాన్ని మీరు చూడలేకపోయారు, అని వారి వాదన. జబ్బు ఉందా లేదా అన్నదే తేలనప్పుడు దాని కారణం ఎవరు వెతుకుతారు?

ఇక రెండో పాత్ర దగ్గరికి వద్దాం. అది ఒక రాయి. దాన్ని తెలుగులో రాతినార అంటారు. ఇంగ్లీషులో ఆస్‌బెస్టాస్. పేరుకు తగ్గట్టే అది రాయి, నార కూడా. కొండలో నుంచి తీసి సుత్తితో కొడితే పత్తిలాగా పీచులు పీచులుగా విడిపోతుంది. దాన్ని వడికి దారం తీయవచ్చు, గుడ్డ నేయవచ్చు. నిప్పులో వేస్తే కాలదు. ఆస్‌బెస్టాస్ అన్నమాటకు గ్రీకు భాషలో ఆరనిది అని అర్థం. ఆవిరి యంత్రాలు వచ్చాక ఈ రాయికి గిరాకీ పెరిగింది. బాయిలర్లకూ, ఆవిరి గొట్టాలకూ, ఓడల లోపలి భాగాలకూ దీన్ని చుట్టారు. సిమెంటులో కలిపి ఇంటికప్పు రేకులు పోశారు. బండ్ల బ్రేకుల్లోనూ వాడారు. ఇంత చౌకగా, ఇంత గట్టిగా, నిప్పుకు జంకకుండా ఉండే వస్తువు మరొకటి లేదని మెచ్చుకున్నారు.

దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయన్న సంగతి 1930 నాటికే బ్రిటన్ ప్రభుత్వానికి తెలుసు. ఆ జబ్బును ఆస్‌బెస్టోసిస్ అన్నారు. కోలారు బంగారు గనుల చుట్టుపక్కల బతికిన మన తెలుగువారికి ఇలాంటి ధూళి జబ్బు కొత్త కాదు. రాతిపొడి పీల్చి ఆయాసంతో తీసుకున్నవారిని ఆ ప్రాంతం ఎరుగును. కానీ అది ఊపిరితిత్తులకు సంబంధించిన సంగతి. పీల్చిన ధూళి పొట్టలోపలి పొరకు కాన్సర్ తెస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ ముడి విడిపోయిన చోటు దక్షిణాఫ్రికా. వజ్రాల గనులకు పేరుపొందిన కింబర్లీ పట్టణంలో ఒక క్షయ ఆసుపత్రి ఉండేది. దాన్ని చూసే వైద్యుడు స్లెగ్స్. క్షయకు మందులు వచ్చిన కాలం అది. ఛాతీలో నీరు చేరిన రోగులకు ఆయన ఆ మందులే ఇచ్చేవారు. చాలామంది కోలుకునేవారు. కింబర్లీకి పడమటి దిక్కు నుంచి వచ్చినవారిలో మాత్రం కొందరికి ఎంత మందు వాడినా నీరు తగ్గలేదు. ఆయన ఆ తేడాను గమనించి మనసులో పెట్టుకున్నారు. పడమటి దిక్కున ఉన్నవి రాతినార కొండలు. అక్కడ తవ్వేది నీలిరంగు రాతినార. దాన్ని క్రోసిడోలైట్ అంటారు.

1956లో జోహానెస్‌బర్గ్‌లో క్రిస్ వాగ్నర్ అనే యువ వైద్యుడు ఒక గని కార్మికుడి శవపరీక్ష చేశారు. క్షయతో పోయాడనుకున్న మనిషి అతను. ఛాతీ తెరిచి చూస్తే ఊపిరితిత్తి చుట్టూ జిగటగా పెద్ద కంతి పేరుకుని ఉంది. ఊపిరితిత్తిలో రాతినార ఆనవాళ్ళు కనిపించాయి. అంతకుముందు పండితులు లేదన్న జబ్బు అదే. వాగ్నర్, స్లెగ్స్, శస్త్రచికిత్స నిపుణుడు మార్చండ్ ముగ్గురూ కలిశారు. ఒక్కొక్క రోగి గతాన్నీ తవ్వసాగారు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెరిగారు, ఎవరి దగ్గర పనిచేశారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. 1960లో 33 మంది రోగుల వివరాలు ప్రకటించారు. వారిలో 32 మందికి ఆ నీలి రాతినారతో ఏదో ఒక సంబంధం బయటపడింది.

ఆ 33 మంది ఎవరో చూస్తే మనసు కలుక్కుమంటుంది. అందరూ గని కార్మికులు కారు. గృహిణులున్నారు, ఇళ్ళలో పనిచేసేవారున్నారు, పశువులు కాసేవారున్నారు, రైతులున్నారు. ఒక బీమా ఏజెంటు, ఒక లెక్కలు రాసే ఉద్యోగి కూడా ఉన్నారు. వీరిలో చాలామంది చిన్నతనంలో గనుల పక్క ఊళ్ళలో పెరిగినవారే. గని బయట పోసిన వ్యర్థాల గుట్టలు వారికి ఆటస్థలాలు. ఆ ప్రాంతంలో రాతినుంచి నార వేరుచేసే పని ఆడవాళ్ళూ పిల్లలూ సుత్తులు పట్టుకుని చేసేవారు. పని మానేసి, ఊరు విడిచి, ఆ సంగతే మరిచిపోయాక ముప్ఫై నలభై ఏళ్ళకు జబ్బు పైకి తేలింది. రోగి మరిచిపోయినా ఒళ్ళు మరిచిపోలేదు.

ఇది ఛాతీ పొర సంగతి. మరి దాని చెల్లెలైన పొట్ట పొర మాటేమిటి? అదే 1960లో లండన్ వైద్యుడు కీల్ మరో విషయం బయటపెట్టారు. రాతినార ధూళితో ఊపిరితిత్తులు చెడిన స్త్రీలలో పొట్ట లోపలి కాన్సర్‌తో పోయినవారు ఎక్కువగా ఉన్నారని. వాటిలో కొన్నింటిని అండాశయ కాన్సర్ అనుకున్నారు. 1965లో మోలీ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు మహిళలు లండన్‌లోని ఒక ఆసుపత్రి పాత రికార్డులు తీసి, ఛాతీ పొరకో పొట్ట పొరకో ఈ కాన్సర్ వచ్చిన 83 మంది జాడ పట్టారు. వారిలో 76 మంది గతం తెలిసింది. అందులో 40 మందికి పనిలోనో ఇంట్లోనో రాతినార సోకింది. పోల్చి చూడటానికి తీసుకున్న ఇతర రోగులలో అలాంటివారు 9 మందే.

ఇంట్లో సోకడమంటే ఏమిటి? భర్త ఫాక్టరీ నుంచి ధూళి నిండిన బట్టలతో ఇంటికి వస్తాడు. భార్య ఆ బట్టలు దులిపి ఉతుకుతుంది. ఆమె ఫాక్టరీ గడప తొక్కలేదు. జబ్బు మాత్రం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. మరికొందరు ఫాక్టరీకి అరమైలు లోపల కాపురమున్నవారు, అంతే. ధూళి తొలిసారి సోకిన నాటి నుంచి చివరి జబ్బు దాకా పట్టిన కాలం 16 ఏళ్ళ నుంచి 55 ఏళ్ళ దాకా ఉందని ఆ ఇద్దరూ లెక్కకట్టారు.

అమెరికాలో ఇర్వింగ్ సెలికాఫ్ అనే వైద్యుడు బాయిలర్లకూ గొట్టాలకూ రాతినార చుట్టే కార్మికులను వెంటాడి చూశారు. అమెరికా, కెనడాలలో 17,800 మంది. 1967 నుంచి 1976 దాకా పదేళ్ళలో వారిలో 2,271 మంది చనిపోయారు. అందులో 175 మంది పోయింది మీసోథీలియోమాతో. ఛాతీ పొరకు వచ్చినవి 63, పొట్ట పొరకు వచ్చినవి 112. లోకంలో మామూలుగా ఛాతీ పొరకే ఈ జబ్బు ఎక్కువ. ధూళి బాగా మింగిన ఈ కార్మికులలో పొట్ట పొరదే పైచేయి అయింది. సూదికన్నా సన్నని పీచులు ఊపిరితిత్తుల నుంచి శోషరస నాళాల గుండా కిందికి దిగి ఆ పొరను చేరతాయి. అక్కడ కరగవు, బయటికి పోవు. ఏళ్ళ తరబడి కణాలను గుచ్చుతూ, వాపు పుట్టిస్తూ ఉంటాయి. చివరకు ఏదో ఒక కణం దారి తప్పుతుంది.

అయితే నిజం ఒకవైపే చెప్పకూడదు. పొట్ట పొర కాన్సర్ వచ్చిన ప్రతివారికీ రాతినార సంబంధం ఉండదు. ముఖ్యంగా స్త్రీలలో ఎంత అడిగినా అలాంటి గతం కనిపించని రోగులు చాలామంది ఉన్నారు. వేరే జబ్బుకు ఇచ్చిన రేడియేషన్ చికిత్స కొందరిలో కారణం. కొన్ని కుటుంబాలలో బాప్-1 అనే జన్యువులో పుట్టుకతో వచ్చే లోపం కారణమని 2011లో తేలింది. టర్కీలో కప్పడోసియా ప్రాంతపు కొన్ని పల్లెల్లో, ఇళ్ళు కట్టిన రాతిలోనే ఎరియోనైట్ అనే మరో నార ఖనిజం ఉండి తరతరాల జనాన్ని ఈ జబ్బుకు అప్పగించింది. అందువల్ల ఈ జబ్బు వచ్చినవారిని చూసి "నువ్వేం చేశావో" అని వేలెత్తి చూపే పని పెట్టుకోకూడదు.

ఇక మన దేశం సంగతి. రాతినార మనకు పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులుండేవి. ఒడిశాకు ఎగువన, నేటి జార్ఖండ్‌లో చాయిబాసా దగ్గరి రోరో కొండల్లోనూ తవ్వారు. ఆ గనులు 1983లో మూతపడ్డాయి. వ్యర్థాల గుట్టలు మాత్రం కొండవాలుమీదే మిగిలాయి. కింబర్లీ పడమటి ఊళ్ళలో పిల్లలాడుకున్నది అలాంటి గుట్టలమీదే కదా! 1986లో కేంద్రం రాతినారకు కొత్త గని లీజులు ఆపింది. 1993లో పాత లీజుల పొడిగింపూ ఆపింది. కానీ బయటి దేశాల నుంచి తెల్ల రాతినార దిగుమతి ఆగలేదు. దానితో సిమెంటు రేకులు తయారవుతూనే ఉన్నాయి. బ్రిటన్ 1999లో, దక్షిణాఫ్రికా 2008లో రాతినారను నిషేధించాయి. మనదగ్గర అలాంటి పూర్తి నిషేధం రాలేదు. తెల్లది నీలిదానంత ప్రమాదం కాదన్న మాట కొంతవరకు నిజమే. అయినా అన్నిరకాల రాతినారా కాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. అండాశయ కాన్సర్‌కు కూడా అది కారణమవుతుందని ఆ సంస్థే తరువాత చేర్చింది. లండన్ స్త్రీల విషయంలో కీల్‌కు వచ్చిన అనుమానం వ్యర్థం కాలేదు.

1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల విషయంలో ఒక గొప్ప తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ కె. రామస్వామి. పనివాడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు అన్నది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళపాటు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళపాటు, ఏది ఎక్కువైతే అంతకాలం యజమాని భద్రపరచాలని ఆదేశించింది. నలభై ఏళ్ళు ఎందుకో మీకిప్పుడు తెలుసు. ఈ జబ్బు గడువే అంత.

కానీ రికార్డు ఉండేది హాజరుపట్టీలో పేరున్నవారికే. మన సరిహద్దు జిల్లాల వారిలో ఎందరికి హాజరుపట్టీ ఉంది? బతుకుతెరువుకు బళ్ళారి నుంచి, హోసూరు నుంచి, నాందేడ్ నుంచి నగరాలకు వెళ్ళి పాత కట్టడాలు కూల్చేవారు, బాయిలర్ల దగ్గర పనిచేసేవారు, షెడ్లకు రేకులు కోసి బిగించేవారు ఉన్నారు. గంజాం జిల్లా నుంచి గుజరాత్‌లోని అలంగ్ రేవుకు పాత ఓడలు విరగ్గొట్టే పనికి వెళ్ళినవారున్నారు. ఆ ఓడల లోపల ఉన్నది ఈ రాతినారే. ఒక మేస్త్రీ చేతికింద ఆరు నెలలు, మరొకరి కింద ఏడాది. తిరిగి ఊరొచ్చి సేద్యం చేసుకుంటారు. ముప్ఫై ఏళ్ళ తరువాత పొట్ట ఉబ్బితే ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? వైద్యుడి భాష ఒకటి, రోగి భాష మరొకటి అయిన చోట ఆ మాట అసలు బయటికే రాదు.

అందువల్ల లక్షణాలు తెలుసుకుందాం. పొట్ట మెల్లగా ఉబ్బుతుంది, నీరు చేరుతుంది. నొప్పి, ఆకలి తగ్గడం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టుండటం, ఒళ్ళు చిక్కిపోవడం, కొందరిలో కొత్తగా బుడ్డ దిగడం. ఇవే లక్షణాలు పొట్ట క్షయలోనూ, కాలేయ జబ్బులోనూ, అండాశయ కాన్సర్‌లోనూ ఉంటాయి. మనదేశంలో అవే ఎక్కువ కాబట్టి వైద్యులు ముందు వాటినే అనుమానించడం సబబే. అయితే మందులు వాడుతున్నా నీరు తగ్గకపోతే అక్కడితో ఆగిపోకూడదు. పొట్టలోంచి తీసిన నీటిని పరీక్షించినంత మాత్రాన ఈ జబ్బు తేలకపోవచ్చు. స్కాన్ తీసి, చిన్న గాటుతో పొట్టలోకి కెమెరా పంపి, పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తే నిర్ధారణ అవుతుంది.

చికిత్స చరిత్ర కూడా ఆశలేనిది కాదు. ఒకప్పుడు చేయగలిగింది ఏమీ లేదనేవారు. అమెరికాలో పాల్ షుగర్‌బేకర్ వంటి శస్త్రవైద్యులు పొరమీది కంతులన్నిటినీ వీలైనంతవరకు గంటల తరబడి ఒలిచి తీసివేసి, కాన్సర్ మందును వేడిచేసి పొట్టలోనే కొంతసేపు తిప్పే పద్ధతిని పెంచి పోషించారు. 2009లో పలు దేశాల ఆసుపత్రుల నుంచి ఇలా చికిత్స పొందిన 405 మంది వివరాలు వెలువడ్డాయి. వారిలో సగంమంది 53 నెలలకు మించి బతికారు. వీరంతా పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోగలరని ఎంపిక చేసినవారే అన్నది మరువకూడదు. అయినా అది చిన్న మార్పు కాదు. మన దేశంలో కూడా కొన్ని పెద్ద కాన్సర్ ఆసుపత్రుల్లో ఈ చికిత్స చేస్తున్నారు. జబ్బు త్వరగా తెలిస్తేనే దానికి అవకాశం.

జీవపరిణామం మీద పుస్తకాలు రాసిన అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో ఈ పొట్ట పొర కాన్సరే వచ్చింది. రోగుల్లో సగంమంది ఎనిమిది నెలల లోపే పోతారని పుస్తకాల్లో చదివారు. లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి, మిగతా సగం మాటేమిటని ఆలోచించారు. ఆ సంగతి మీద 1985లో ఒక వ్యాసం రాశారు. ఆయన మరో ఇరవై ఏళ్ళు బతికి, 2002లో వేరొక కాన్సర్‌తో పోయారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఒక లెక్క చూసి ఒక మనిషి ఆయుష్షు తీర్మానించకూడదని మాత్రం చెప్పుకోవచ్చు.

ఇక మనం చేయగలిగింది కొంత ఉంది. ఇంటిమీద సిమెంటు రేకులున్నాయని భయపడి నిద్ర మానుకోనక్కరలేదు. పగలని రేకు నుంచి ధూళి అంతగా రాలదు. రేకును రంపంతో కోసేటప్పుడు, బెజ్జం వేసేటప్పుడు, పొడిగా గీకేటప్పుడు, పగలగొట్టేటప్పుడు ధూళి లేస్తుంది. తప్పనిసరైతే నీళ్ళతో బాగా తడిపి పని చేయాలి. విరిగిన ముక్కలు దొడ్లో పోసి పిల్లలను ఆడుకోనివ్వకూడదు. ధూళి పనికి వెళ్ళినవారు ఆ బట్టలతో ఇంట్లోకి రాకూడదు. వాటిని దులపకుండా తడిపి విడిగా ఉతకాలి. లండన్ గృహిణుల కథ అందుకే చెప్పాను.

మరో పని ఇంకా సులువు. ఇంట్లో పెద్దవారు ఎక్కడెక్కడ, ఏయే పనులు, ఏ సంవత్సరాలలో చేశారో అడిగి ఒక కాగితంమీద రాసి ఉంచండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారమిచ్చే చట్టపు జాబితాలో రాతినార వల్ల వచ్చే ఈ కాన్సర్ కూడా ఉంది. పరిహారం అడగాలన్నా ఆ వివరాలే ఆధారం. కింబర్లీలో స్లెగ్స్‌కు పడమటి ఊళ్ళ పేర్లు చెప్పింది రోగులే. ఆ పేర్లు ఆయన విన్నారు కాబట్టి లోకానికి ఒక జబ్బు మూలం తెలిసింది.